కదలని తంత్రి ఏ పక్కది?

రెనే హాక్ గురించి మా ఊళ్ళో ఎవరిని అడిగినా రెండు మాటలు చెబుతారు: చేతులు చల్లన, నోరు మూత. రెండూ నిజమే. ఇరవై ఏడేళ్ళుగా మా చిన్న ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ తీసేది ఆమె ఒక్కతే. నేను పక్క గదిలో ఎక్స్‌రేలు తీస్తాను. మా ఇద్దరికీ మధ్య ఒక పల్చటి గోడ, ఒక కాఫీ మెషీను. ఈ చుట్టుపక్కల పాతికేళ్ళ లోపు వాళ్ళందరినీ పుట్టకముందే చూసిన మనిషి రెనే. చూసి, ఏమీ చెప్పని మనిషి కూడా.

చెప్పకూడదు మరి. బొమ్మ తీయడం మా వంతు, అందులో ఏముందో చెప్పడం డాక్టరు వంతు. నేను ఆ నియమాన్ని కనుబొమలతోనూ నిట్టూర్పులతోనూ రోజుకు నాలుగుసార్లు మీరేదాన్ని. రెనే ఒక్కసారి కూడా మీరలేదు. దుకాణంలో ఎదురైన ఆడవాళ్ళు నిన్నటి స్కాన్ ఫలితం అక్కడ రాసి ఉన్నట్టు ఆమె మొహంలోకి తొంగి చూసేవాళ్ళు. కవలలు కనిపించినా, గుండె ఆగిన బిడ్డ కనిపించినా అదే మొహం. శుక్రవారాలు చర్చి కింది హాల్లో పినాకిల్ పేకాట ఆడేటప్పుడు ఆ మొహంతోనే మా అందరినీ చిత్తుగా ఓడించేది. నాకు ఒళ్ళు మండేది.

ఆమె భుజం సంగతి మాత్రం నాకు తెలుసు. ఇరవై ఏడేళ్ళు కుడి చెయ్యి చాచి, బరువైన మనుషుల మీద ప్రోబ్‌ను, అంటే మెషీను చేతిముక్కను, అదిమిపట్టి నొక్కితే ఏ భుజమైనా అరిగిపోతుంది. కాఫీ కప్పు ఎడమ చేత్తో ఎత్తడం మొదలుపెట్టినప్పుడే కనిపెట్టాను. ఎవరికీ చెప్పొద్దంది. భర్త గ్యారీకి పశువులే బతుకు, పైగా చక్కెర జబ్బు. ఇద్దరి వైద్య బీమా రెనే ఉద్యోగం మీదే ఉంది. భుజం పోయిందని పైకి తెలిస్తే స్కాన్ గదిలోంచి పంపించేస్తారని ఆమె భయం. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. మెడ స్కాన్లలో నొప్పి ఎక్కువైతే స్టూలు లాక్కుని రోగి తల వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది. అక్కడైతే మోచెయ్యి మంచం మీద ఆనుతుంది, భుజానికి పని తగ్గుతుంది.

మెడ స్కాన్లు మాకు కోవిడ్ తరవాత పెరిగాయి. రాపిడ్ సిటీ నుంచి నెలకోసారి వచ్చే సర్జన్ డాక్టర్ మోరిన్ థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తాడు. గొంతులో మాటను పుట్టించే తంత్రులు రెండు. వాటిని ఆడించే నరాలు రెండు, ఒక్కో పక్క ఒకటి, థైరాయిడ్ గ్రంథి వెనకనుంచే పోతాయి. కత్తి కాస్త తప్పితే నరం పోతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందోసారి, తరవాతోసారి తంత్రులు కదులుతున్నాయో లేదో చూసుకుంటారు. పూర్వం ముక్కులోంచి గొట్టం దించి చూసేవాళ్ళు. కోవిడ్ రోజుల్లో ఒకరి ముక్కు దగ్గరికి ఇంకొకరు వెళ్ళాలంటే హడలిపోయారు కదా, అప్పుడు ఆయన రెనేతో అన్నాడు.

"మెడ మీద నుంచే అల్ట్రాసౌండ్‌తో చూడొచ్చమ్మా. నేర్చుకుంటారా?"

రెనే మా మీదే నేర్చుకుంది. వంటావిడ, ల్యాబ్ వాళ్ళు, నేను, అందరం వరసగా పడుకుని మెడకు జెల్ పూయించుకుని "ఈ..." అన్నవాళ్ళమే. తెర మీద చూస్తే ఊపిరి పీల్చినప్పుడు తంత్రులు రెండు తలుపు రెక్కల్లా విడిపోతాయి, "ఈ" అంటే వచ్చి మూసుకుంటాయి. నా తంత్రులు చూసి, వాడకం ఎక్కువైనట్టుందే అంది రెనే. ఆమె వేసిన జోకులు నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

ట్వైలా బ్రాండ్‌వోల్డ్ మా జిల్లాలో పశువుల వేలం పలికే మనిషి. తండ్రి కట్టిన వేలంశాల, తండ్రి నేర్పిన గొంతు. బుధవారం బుధవారం ఎత్తు బల్ల మీద కూర్చుని, ఒక్క గుక్కలో అంకెలు దొర్లించుకుంటూ ఐదు గంటలు ఆపకుండా పలుకుతుంది. ఆడది ఏం పలుకుతుందిలే అన్న రైతులే ఇప్పుడు ఆమె కోసం దూడల్ని నూరు మైళ్ళ నుంచి తోలుకొస్తారు. ఆమె మెడలో ఎడమ పక్క నిమ్మకాయంత గడ్డ తేలింది. సూది పెట్టి తీసిన పరీక్షలో కాన్సరో కాదో తేలలేదు, తీసేయాల్సిందే అన్నాడు మోరిన్. ముక్కులో గొట్టం మాట ఎత్తేసరికి ట్వైలా కుర్చీలోంచి లేచిపోయింది. దాంతో రెనే దగ్గరికి పంపాడు.

ఆ గురువారం ఆఖరి రోగి ట్వైలా. రెనే ముందు పక్కన నిలబడి గ్రంథిని చూసింది. ఎడమన గడ్డ, అంతా సవ్యం. అప్పటికి భుజం సలుపుతోంది. స్టూలు తల వెనక్కి లాక్కుంది. మెడ మధ్యన ప్రోబ్ పెట్టి "ఈ" అనమంది. ఒక తంత్రి కదిలింది, రెండోది కదల్లేదు.

"ఏమే రెనే, లోపల నా గొంతు ఎలా ఉంది? బంగారంలా ఉందా?" అంది ట్వైలా.

"డాక్టర్ చెబుతాడు," అని రెనే ఆమె మెడ తుడిచేసి, తెర మీద రాసింది: ఎడమ తంత్రి కదలడం లేదు.

ఆ ఒక్క ముక్క మీద మిగతాదంతా నడిచింది. గడ్డ ఎడమన, చచ్చిన నరమూ ఎడమన, అంటే గడ్డే నరాన్ని తినేసి ఉండాలని సర్జన్ అనుకున్నాడు. ఎలాగూ పోయిన నరం కాబట్టి గడ్డకు అంటుకుని ఉంటే దాంతో పాటే కోసేస్తానని, మాట కుడి తంత్రి మీదే నడుస్తోంది గనుక ఇప్పుడున్న గొంతు ఇలాగే ఉంటుందని ట్వైలాకు ఫోన్లో చెప్పాడు. తరవాతి గురువారం రాపిడ్ సిటీలో ఆపరేషన్. అక్టోబరులో దూడల అమ్మకాలు మొదలయ్యే సరికి బల్ల ఎక్కొచ్చని ట్వైలా సంతోషించింది.

ఆపరేషన్‌కు ముందు రోజు, బుధవారం ఉదయం పదిన్నరకు ఒక ముసలి రైతు వచ్చాడు. మెడకు కుడి పక్క ఉబ్బు, బయటికే కనిపిస్తోంది. రెనే ఆ రోజు భుజం బాగా లేక మొదటినుంచే తల వెనక కూర్చుంది. ప్రోబ్ పెట్టింది. ఉబ్బు ఆమె కళ్ళ ముందు కుడిన ఉంది, తెర మాత్రం అది ఎడమన ఉన్నట్టు చూపిస్తోంది.

కారణం చాలా చిన్నది. ప్రోబ్‌కు ఒక అంచున గాటు ఉంటుంది. ఆ గాటు ఎప్పుడూ రోగి కుడి భుజం వైపు ఉండాలి. ఎదురుగా ఉన్నప్పుడు రోగి కుడి మనకు ఎడమ, కాబట్టి ఇరవై ఏడేళ్ళుగా గాటు రెనే ఎడమ వైపుకే తిరిగి ఉంది. తల వెనక్కి వెళ్తే కుడి ఎడమలు మారతాయి, ప్రోబ్‌ను తిప్పి పట్టుకోవాలి. అలవాటు పడిన చెయ్యి తిప్పలేదు. గడ్డ ఉన్నచోట ఈ తప్పు వెంటనే దొరికిపోతుంది. మాట పుట్టే చోట దొరకదు. అక్కడ రెండు పక్కలా అంతా ఒకేలా ఉంటుంది.

రెనే ప్రోబ్ తిప్పి, ముసలాయన స్కాన్ సరిగ్గా ముగించి, ఆయన్ను పంపించి, నా గదిలోకి వచ్చింది. ఆమెకు ఇంకో మొహం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఆర్లెట్, ట్వైలాని చూసినప్పుడు నేను తల వెనక కూర్చున్నా."

"కూర్చుంటే?"

"గాటు ఎటు పెట్టానో గుర్తు లేదు. తిప్పానా, తిప్పలేదా? వారం వెనక్కెళ్ళి ఆలోచించినా గుర్తురావట్లేదు. తిప్పకపోతే కదలనిది ఎడమది కాదు, కుడిది. రేపు ఆయన కొయ్యబోయేది పనిచేసే నరాన్ని."

"కోస్తే మాట పోతుందా?"

"మాట సంగతి వదిలెయ్. రెండు తంత్రులూ కదలకపోతే తలుపు మూసుకుపోయినట్టే. ఊపిరాడదు. మెడకు కన్నం పెట్టి గొట్టం వెయ్యాలి, బతికినన్నాళ్ళూ."

నేను అప్పుడు అన్న మాట దాచను. "తిప్పే ఉంటావులే. రిపోర్టు మీద స్కాన్లు చదివే డాక్టరు సంతకం కూడా అయిపోయింది. ఇప్పుడు కెలికితే ముందు బయటపడేది నీ భుజమే," అన్నాను. స్నేహం కొద్దీ అన్నాననుకున్నాను. రెనే నా వంక ఒక క్షణం చూసి, మా సూపర్‌వైజర్ కర్టిస్ గదికి వెళ్ళిపోయింది. సిగ్గేసి నేనూ వెనకాలే వెళ్ళాను.

కర్టిస్ చెడ్డవాడు కాదు, కాగితాల మనిషి. అంతా విని పెన్ను కింద పెట్టాడు.

"తల వెనక ఎందుకు కూర్చున్నావు రెనే?"

"భుజం పని చెయ్యట్లేదు. రెండేళ్ళయింది."

"చూడు, ఆ మాట నేను విన్నానంటే రాయాలి. రాశానంటే నిన్ను రేపట్నుంచి ఆ గదిలో ఉంచలేను. ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించుకునే వచ్చా. రాసుకో. ముందు సర్జన్‌కి ఫోన్ కలుపు."

సర్జన్ వేరే ఆపరేషన్‌లో ఉన్నాడు. ఆయన నర్సు మర్యాదగానే మాట్లాడింది. మీ రిపోర్టులో ఎడమ అని ఉంది, కాదంటున్నారా అంది. కాదనడం లేదు, తెలియదంటున్నా అంది రెనే. తెలియదంటే ఆయనకేం చెప్పను, మూడింటికి బయటికొస్తారు, ఏ పక్కో తేల్చి చెప్పండి అంది నర్సు. ట్వైలా ఫోన్ ఎత్తడం లేదు. బుధవారం కదా, బల్ల మీద ఉంది. వేలంశాల మాకు ముప్పై ఎనిమిది మైళ్ళు. కర్టిస్ కాసేపు గడ్డం గోక్కుని, అత్యవసర గదిలో వాడే చేతిపెట్టెంత అల్ట్రాసౌండ్ మిషన్ తీసి, దానికో కాగితం రాసి మా చేతుల్లో పెట్టాడు. కారు నేను నడిపాను. వాగే నోరు నాది కాబట్టి దారంతా నేనే ఏదేదో మాట్లాడాను, అందులో ఒక్కటీ ఇప్పుడు గుర్తు లేదు.

మేం చేరేసరికి ఒంటిగంటన్నర. వేలంశాల నిండా జనం. కింద ఇసుక గుండ్రంలో నల్లటి ఆవులు తిరుగుతున్నాయి, పైన ట్వైలా పలుకుతోంది. లోపల ఒక తంత్రి చచ్చిపోయి ఉందంటే ఎవరూ నమ్మరు, అంత గొంతు. ఒక రైతు మంద మొదలుపెడితే అది అయిపోయేదాకా వేలం మధ్యలో మనిషిని మార్చడం అక్కడి పద్ధతి కాదు. మారితే ధర పడిపోయిందని ఆ రైతు జన్మలో మళ్ళీ రాడు. రెండింటి దాకా మెట్ల మీద నిలబడ్డాం. మంద అయిపోగానే రెనే బల్ల దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. ట్వైలా మైకు తమ్ముడి చేతికిచ్చి, విసుక్కుంటూ దిగింది.

"సరిగ్గా ఇప్పుడే దొరికిందా మీకు? బయట ఆరు వందల పశువులున్నాయి. రేపు ఎలాగూ మీకే కదా నా మెడ అప్పగించేది!"

"ఐదు నిమిషాలు ట్వైలా. పడుకో."

ఆఫీసు గదిలో బిల్లుల బల్ల మీద చేత్తో చోటు చేశాం. ట్వైలా బూట్లతోనే పడుకుంది. రెనే ఎదురుగా నిలబడి భుజం నొప్పిని పళ్ళ బిగువున ఆపుకుంటూ చెయ్యి చాచింది. నా పెన్నుతో ట్వైలా మెడ కుడి పక్క గుర్తు పెట్టించింది.

"గాటు ఎటుంది, పైకి చెప్పు."

"ఆమె కుడి భుజం వైపు," అన్నాను.

చాలదన్నట్టు కుడి పక్క మెడ మీద వేలితో తట్టి, తెర మీద ఏ పక్క అదురుతోందో చూసింది. అప్పుడు "ఈ" అనమంది. ట్వైలా అంది. ఎడమ తంత్రి చక్కగా వచ్చి మధ్యలో నిలబడింది. కుడిది ఉన్నచోటే ఉంది. మూడుసార్లు అనిపించింది, మూడుసార్లూ అంతే.

"ఏమిటే ఇది? ఏదో ఒకటి చెప్పు. ఆ పేకాట మొహం నా దగ్గర పెట్టకు," అంది ట్వైలా.

రెనే ప్రోబ్ పక్కన పెట్టి చెప్పింది. ఇరవై ఏడేళ్ళలో ఒక రోగికి ఆమె నోటితో చెప్పిన మొదటి ఫలితం అది.

"నేను తప్పు రాశాను. కదలనిది నీ కుడిది. నీకున్నది ఎడమదొక్కటే. రేపు ఆయన దాన్నే కొయ్యడానికి సిద్ధంగా ఉన్నాడు, నా రాత చూసి."

ట్వైలా లేచి కూర్చుంది. జెల్ మెడ మీదినుంచి చొక్కాలోకి కారుతోంది.

"కోస్తే?"

"గొంతు మూసుకుపోతుంది. మెడలో కన్నంలోంచి ఊపిరి పీల్చాలి."

"నీకు కుడేదో ఎడమేదో తెలియదా?" ట్వైలా గొంతు గది దాటి వినిపించింది. "బళ్ళో చిన్నపిల్లలకి తెలుసే! నా గొంతు తప్ప నాకేముందే? నా మెడ మీద రాతలు రాసేటప్పుడు నువ్వు ఎక్కడున్నావ్?"

"నీ తల వెనక. భుజం నొప్పి పుట్టి అక్కడ కూర్చున్నా."

"నొప్పి పుడితే ఇంటికి పోవాల్సింది!"

రెనే ప్రోబ్‌కు అంటిన జెల్ తుడిచింది. కాసేపటికి ట్వైలా అదే చొక్కా అంచుతో మెడ తుడుచుకుంటూ, ఈసారి మెల్లిగా అడిగింది.

"కుడిది ఎప్పుడు పోయుంటుంది?"

"ఎప్పుడైనా గొంతు పోయిందా నీకు?"

ట్వైలా తలుపు వంక చూసి, అది మూసి ఉందని నిర్ధారించుకుంది. రెండేళ్ళ కిందట చలికాలంలో అరిజోనాలో చెల్లెలి దగ్గర ఉన్నానని ఊరంతా చెప్పింది గానీ, అసలు వెళ్ళలేదట. జ్వరం వచ్చి తగ్గాక గొంతు పీలగా మారితే రెండు నెలలు ఇంట్లో తలుపులేసుకుని కూర్చుందట. రోజూ దూడలకొట్టంలో ఒక్కతే అంకెలు పలుకుతూ గొంతును మళ్ళీ లాక్కొచ్చుకుందట. ఆసుపత్రి కాగితంలో గొంతు సమస్య ఎప్పుడైనా వచ్చిందా అన్నచోట లేదని రాసింది. వేలం పలికే మనిషికి గొంతు జబ్బని తెలిస్తే మర్నాడే దూడలన్నీ పక్క జిల్లా వేలంశాలకు పోతాయి.

"నువ్వు ఆ ఒక్క ముక్క రాసుంటే ఆయన అనుమానించేవాడు కదే," అన్నాను నేను, ఉండబట్టలేక.

"నువ్వు నోర్మూసుకో ఆర్లెట్," అన్నారు ఇద్దరూ. వాళ్ళిద్దరికీ ఆ రోజు కుదిరిన మాట అదొక్కటే.

మూడింటికి అయిదు నిమిషాలుండగా సర్జన్ ఫోన్‌లో దొరికాడు. రెనే సాకులేమీ చెప్పలేదు. ఎలా కూర్చుందో, చెయ్యి ఎలా తప్పిందో, ఇప్పుడు ఎలా చూసిందో వరసగా చెప్పింది.

"ఇప్పుడు ఖాయమేనా?" అన్నాడు ఆయన.

"ఖాయమే డాక్టర్. కానీ నా మాట మీద వదిలెయ్యొద్దు. గొట్టంతో మీరు కూడా చూడండి. ట్వైలా ఒప్పుకుంటుంది."

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అంది ట్వైలా. తరవాత ఒప్పుకుంది.

ఆపరేషన్ మూడు వారాలు వాయిదా పడింది. ముక్కులో గొట్టం వేసి చూస్తే రెనే చెప్పినట్టే కుడిది కదలడం లేదు. నరాన్ని ముట్టుకుంటే మోగే యంత్రం పెట్టుకుని, గడ్డలో రవ్వంత నరం మీద వదిలేసి అయినా సరే, ఎడమ నరాన్ని కాపాడతానన్నాడు మోరిన్. కాపాడగలనని మాట మాత్రం ఇవ్వలేదు. ఆపరేషన్‌లో తీసిన గడ్డ కాన్సర్ కాదని తరవాత తేలింది. నరం సంగతి ఆపరేషన్ తరవాతి స్కాన్‌లోనే తేలాలి.

ఈలోగా కర్టిస్ రాయాల్సింది రాశాడు. డాక్టర్లు రెనే భుజాన్ని చూసి, ఇక స్కాన్ చెయ్యకూడదన్నారు. కర్టిస్ ఎవరెవరి కాళ్ళో పట్టుకుని ఆమెను అపాయింట్‌మెంట్ల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. బీమా నిలిచింది. స్కాన్ గదిలోకి బయటినుంచి ఒక కొత్త పిల్ల వచ్చింది, పేరు కియెర్స్టిన్, పని వచ్చిన పిల్లే. రెనే ఆ గది తలుపు వంక చూసేది కాదు. పినాకిల్‌కు కూడా రావడం మానేసింది. అది చూసి నేను సంతోషించలేకపోయాను.

అక్టోబరు రెండో వారంలో ట్వైలా ఆపరేషన్ తరవాతి స్కాన్‌కు వచ్చింది. మెడకు స్కార్ఫ్ చుట్టుకుంది. గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడట, తల ఊపి పని కానిచ్చింది. రెనేతో ఆ బుధవారం తరవాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కాగితం అందుకుని, సంతకం పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

రెనే బల్లకూ ఆ గదికీ మధ్య గోడ నా గోడ లాంటిదే, లోపలి మాట వినిపిస్తుంది. నేను ఒకాయన మోకాలి ఎక్స్‌రే కోసం కాగితం తీసుకోవడానికి వచ్చి అక్కడే ఆగిపోయాను. రెనే ఎవరికో ఫోన్లో తేదీ చెబుతోంది.

"ఈ అనండి," అంది లోపల కియెర్స్టిన్.

"ఈ..." అంది ట్వైలా. గొంతు బాగానే ఉంది. అయినా రెనే మొహంలో ఏ తేడా లేదు. బాగున్న గొంతును ఆమె నమ్మదు. రెండు తంత్రులూ చచ్చి మధ్యలో బిగుసుకుపోయినా మాట ఇలాగే నిక్షేపంగా వస్తుందని ఆమెకు తెలుసు. తేడా తెలిసేది ఊపిరిలో. దారి మూసుకుంటే పీల్చేటప్పుడు ఈల కూస్తుంది.

"ఇంకోసారి. ఇంకా పొడుగ్గా అనండి."

ట్వైలాకు విసుగొచ్చినట్టుంది. డాక్టరు మాట గాలికి వదిలేసి వేలం అందుకుంది. అంకె మీద అంకె, గుక్క తిప్పుకోకుండా, అయ్యో తెర అదిరిపోతోందండీ అని ఆ పిల్ల మొత్తుకుంటున్నా ఆపకుండా పలికింది. వెయిటింగ్ హాల్లో కూర్చున్న నలుగురూ తలలెత్తారు. రెనే ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది గానీ అవతలి వాళ్ళకు జవాబివ్వడం లేదు, గోడ వైపు ఒరిగి ఆ పాట ఎప్పుడు ఆగుతుందా అని వింటోంది. పాట ఆగింది. ట్వైలా గుండె నిండా ఊపిరి పీల్చింది.

ఈల లేదు, ఏ చప్పుడూ లేదు.

రెనే అవతల మనిషి ఇంకా మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేసింది. బల్ల మీద తల వాల్చి, హాల్లో ఉన్న అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది.